బొగ్గు కనబడని కోట

ఆ రోజుల్లో నాకు మా ఊరంటే చచ్చేంత సిగ్గుగా ఉండేది. ఏడాది పొడుగునా కాదు, పెళ్లి సంబంధాలు వచ్చినప్పుడు మాత్రమే. గోదావరిఖనిలో పుట్టి, అక్కడే చదివి, చివరికి అక్కడి ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో సర్వే ఆఫీసు ఉద్యోగం సంపాదించుకుని సెంటినరీ కాలనీ క్వార్టర్‌లో చేరిన నాకు, మామూలు రోజుల్లో ఊరు బాగానే కనిపించేది. పిల్ల తరఫువాళ్లు గుమ్మంలో అడుగుపెట్టారో లేదో, అదే ఊరు ఉన్నట్టుండి నల్లగా మారిపోయేది. పొద్దున ఆరేసిన తెల్ల బనీను సాయంత్రానికి బూడిద రంగు తేలుతుందన్న సంగతి, మధ్యాహ్నం బ్లాస్టింగ్ వేళకు అల్మారాలో గిన్నెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయన్న సంగతి అప్పుడే గుర్తుకు వచ్చేవి. వచ్చినవాళ్లు మర్యాదస్తులే. చాయ్ తాగేవారు, మిక్చర్ తినేవారు. లేచేముందు వాళ్లలో ఒక పెద్దమనిషి కిటికీ చువ్వ మీద వేలు పెట్టి ఇలా రాసి, ఆ వేలి వంక ఒకసారి చూసుకుని, ‘కబురు చేస్తం’ అనేవాడు. (కబురు ఎలాగూ వచ్చేది కాదు. ఆ వేలు చూసినప్పుడే మా అమ్మ లోపలికి వెళ్లి చాయ్ గ్లాసులు కడగడం మొదలుపెట్టేది.)

ఇలాంటి సమయంలో సికింద్రాబాద్ సంబంధం వచ్చింది. అమ్మాయి బ్యాంకులో పని చేస్తుంది. ఫోటో చూసి నేను ఆ రాత్రి అన్నం తినలేదు. సంబంధం తెచ్చిన మా దూరపు చిన్నమ్మ ఆ అమ్మాయి చెప్పిన మాటను చెప్పినట్టే చేరవేసింది: “అబ్బాయి ఫోటో చూసిన, మంచిగనే ఉన్నడు. నాకు ముందుగాల ఊరు చూపియ్యున్రి. రేపు పొద్దున లేస్తే నేను ఉండాల్సింది ఊళ్లె కదా.” ఈ మాటకు మా బాపు కొంచెం నొచ్చుకున్నాడు. “ముప్పై ఏండ్లు బొగ్గు బాయిల దిగినోన్ని, నా ఊరిని పరీక్ష పెడ్తదా?” అన్నాడు. అమ్మ మాత్రం, “తెలివిగల్ల పిల్ల. నన్నెవ్వలు అడిగిన్రు అప్పుడు?” అని తేల్చేసింది. బాపు పేపరు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

పరీక్ష ఊరికే అయినా రాయవలసింది నేను. అందుకని సలహా కోసం మా బావ దగ్గరికి పోయాను. బావ అంటే మా అక్క భర్త. భూగర్భ గనిలో పని, భూమి మీద ఉన్నంతసేపూ తిండి ధ్యాస. ఆయన సావధానంగా విని, “ఫికర్ చెయ్యకు. ఇంటికి తర్వాత తీస్కపోదాం. స్టేషన్ల దిగంగనే బండి ఎక్కిచ్చి కోటలు సూపియ్యాలె. రాజుల కథలు ఇంటె ఎసొంటోళ్ల మనసైనా మెత్తబడ్తది,” అన్నాడు. నాకు కళ్లు తెరుచుకున్నట్టయింది. మా చుట్టుపక్కల కోటలున్నాయి! బొగ్గు తవ్వకముందు కూడా ఇక్కడ మనుషులు బతికారు, గుర్రాలెక్కారు, యుద్ధాలు చేశారు! ఆ మాట ఇంతకాలం ఎవరికీ చెప్పకపోవడం వల్లనే కదా ఇన్ని సంబంధాలు తప్పిపోయాయి.

అప్పుడే మా చౌరస్తాలో ఒక జిరాక్సు షాపులో సగం జాగా తీసుకుని ఒకాయన ‘కోటల యాత్ర - ఒక్క రోజు - వ్యాను, గైడు’ అని బోర్డు పెట్టాడు. వ్యాను ఆయనదే, డ్రైవరు ఆయనే, గైడూ ఆయనే. ఊళ్లో అందరూ ఆయన్ని ‘సొరంగమన్న’ అనేవారు. ఎందుకంటే ఆయన చూపించే ప్రతి కోటలోనూ ఒక సొరంగం ఉండేది, ఆ సొరంగం ప్రతిదీ ఓరుగల్లుకే పోయేది. మామూలుగా మనలాగే మాట్లాడే మనిషి, మెడలో వేలాడే మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడంటే మాత్రం గ్రాంథికం మొదలుపెట్టేవాడు. “ప్రియమైన యాత్రికులారా! మా వద్ద మూడు యాత్రలు కలవు,” అని ఎదురుగా స్టూలు మీద కూర్చున్న నాకూ బావకూ మైకులో చెప్పాడు. జిరాక్సు తీయించుకునేవాళ్లు కూడా ఆగి విన్నారు.

మొదటిది ఎల్గందుల. గుట్ట మీద కోట, పైన జోడు మీనార్లు. ఒకదాన్ని ఊపితే రెండోది ఊగుతుందని చెప్పుకుంటారు. రెండోది జగిత్యాల. చుక్క ఆకారంలో కట్టిన కోట, చుట్టూ కందకం, బురుజుల మీద ఫిరంగులు, ఎక్కే పని పెద్దగా లేదు. మూడోది రామగిరి ఖిల్లా. “గది మీ కాలనీ పక్కకే కదా సార్. పొద్దున పోతె సాయంత్రానికి ఇంటికాడ ఉంటరు,” అన్నాడు మైకు తీసేసి.

ఇంట్లో సభ కూడింది. అమ్మ జగిత్యాల అంది. కోట కోసం కాదు, ఆ దారిలో ధర్మపురి ఉందని. “కోటల ఏమున్నది బిడ్డా, రాళ్లు. నర్సింహస్వామిని మొక్కి రాండ్రి, ఆయననే సూస్కుంటడు.” బావ ఎల్గందుల అన్నాడు. మీనార్ల మీద ఆయనకు అంత మమకారం ఎప్పటి నుంచా అని ఆరా తీస్తే, కరీంనగర్ దారిలో నాటుకోడి బాగా వండే హోటలొకటి బయటపడింది. బాపు ఒక్కడే, “కండ్ల ముందట రామగిరి పెట్టుకొని ఊర్లు తిరుగుడేంది?” అన్నాడు.

ఇక్కడే నా తెలివితేటలు పనిచేశాయి. (ఇప్పుడు తలుచుకుంటే ఆ తెలివికి ఎవరైనా బహుమానం ఇచ్చి ఉండవలసింది.) రామగిరి గుట్ట ఎక్కితే ఏం కనిపిస్తుంది? మా ఓపెన్‌కాస్టు కనిపిస్తుంది. ఆ గొయ్యి, ఆ మట్టి గుట్టలు, ఆ దుమ్ము. ఊరు చూసి నిర్ణయిస్తానన్న పిల్లను తీసుకుపోయి, గుట్ట మీద నిలబెట్టి, ఊరు మొత్తాన్ని పళ్లెంలో పెట్టి చూపిస్తామా? నాకు కావలసింది బొగ్గు కనబడని కోట. సొరంగమన్న దగ్గరికి మళ్లీ పోయి ఎల్గందుల ఖాయం చేశాను. పైగా, “అన్నా, స్టేషన్ నుంచి పోయేటప్పుడు వ్యాన్ల పరదాలు దించు. ఎండ ఉంటది,” అన్నాను. “వానకాలం పోయి నెల గూడ కాలె, ఎండేడిది సార్?” అని ఆయన ఆశ్చర్యపోయాడు. తర్వాత నా ముఖం చూసి ఊరుకున్నాడు.

అనుకున్న శనివారం రానే వచ్చింది. నేను కొత్త తెల్ల చొక్కా, పెద్దపల్లిలో కొన్న కొత్త బూట్లు వేసుకుని రామగుండం స్టేషన్లో నిలబడ్డాను. అక్క సర్వపిండి, పులిహోర కట్టుకొచ్చింది. బావ, “హోటల్ల తినేది ఉండె కదా, గిదంత ఎందుకు?” అని అంటూనే సంచి తన భుజానికే తగిలించుకున్నాడు. రైలు దిగిన సికింద్రాబాద్ అమ్మాయి ఫోటోలో కంటే పొట్టిగా, ఫోటోలో కంటే చురుగ్గా ఉంది. వెంట ఆమె మేనమామ. ఏదో ప్రభుత్వ శాఖలో లెక్కలు తనిఖీ చేసి రిటైరైన మనిషి. అందరినీ కళ్లద్దాల పైనుంచి చూస్తాడు. మాటకు ముందు ‘అనగా’ అంటాడు.

స్టేషన్ బయట చాయ్ తాగుతుండగా ఆ అమ్మాయి తలెత్తి, “అవేంటివి?” అంది. కరెంటు కేంద్రం చిమ్నీలు. పరదాలు వ్యాన్లో ఉన్నాయి గానీ ఆకాశానికి లేవు కదా. “అవా... అవి దూరంగా ఉంటాయి,” అన్నాను. ఆమె నవ్వు ఆపుకుందని నాకు తెలిసిపోయింది. అంతలో సొరంగమన్న మైకు పట్టుకుని, “ప్రియమైన యాత్రికులారా! నేడు మనము ఎల్గందుల...” అని మొదలుపెట్టాడు. ఆమె మధ్యలో ఆపి, “ఇంకేమేం కోటలున్నయన్నా?” అని అడిగింది. ఆ మనిషి కస్టమర్ అడిగితే దాచే రకం కాదు. మూడూ చెప్పాడు.

“అన్నిటికన్న దగ్గరిది ఏది?”

“రామగిరి, మేడం. మస్తుంటది. వానలు పడ్డంక పచ్చగ, జలపాతాలు గిట్ల. సారే వద్దన్నడు.”

ఆమె నా వైపు తిరిగింది. “ఎందుకొద్దు?”

నేను సర్వే ఆఫీసు మనిషిని కాబట్టి అడ్డంకులన్నీ వరుసగా వివరించాను. గుట్ట నిటారుగా ఉంటుందన్నాను. రాళ్లు జారతాయన్నాను. కోతులు, పాములు, ముళ్లు, మేనమామగారి వయసు. మేనమామ వెంటనే నిటారుగా నిలబడి, “అనగా, నా వయసుకేమైంది?” అన్నాడు. ఆమె ఓపిగ్గా అంతా విని, “ఇంత బాగ చెప్తున్నరు, మీరు ఎన్నిసార్లు ఎక్కిన్రు?” అంది.

మా అక్క తల పక్కకు తిప్పుకుంది. నిజం చెబితే, పుట్టినప్పటి నుంచి రోజూ చూసే గుట్టను నేను ఒక్కసారి కూడా ఎక్కలేదు. “ఒక్కసారి... అంటే... లేదు,” అన్నాను.

“అయితె మంచిదే. ఇద్దరికీ కొత్తనే,” అని ఆమె చాయ్ గ్లాసు పెట్టేసి వ్యాన్ ఎక్కి కూర్చుంది. కూర్చోగానే చేసిన మొదటి పని పరదా పక్కకు జరపడం. యాత్ర అలా ఒక్క మాటతో మారిపోయింది. బావ మాత్రం, “మరి నాటుకోడి?” అని ఎవరినీ కాకుండా గాలిని అడిగాడు.

గుట్ట మొదట్లో బాగానే ఎక్కాం. చెట్ల మధ్య రాతి దారి, ఎక్కడో నీళ్ల చప్పుడు, కాళ్ల కింద తడి ఆకులు. సొరంగమన్న, ఇది సీతమ్మవారు నడిచిన దారి అన్నాడు, ఇక్కడి వనమూలికలు హిమాలయాల్లో కూడా దొరకవన్నాడు. మొదటి కోట గుమ్మం దగ్గరికి చేరగానే మైకు నోటి దగ్గర పెట్టుకుని, ఒక చీకటి బొరియ చూపించి, “ప్రియమైన యాత్రికులారా! ఈ సొరంగం ఇచ్చటి నుండి ఓరుగల్లు వరకు కలదు!” అన్నాడు. బావ వంగి చూసి, “గంత దూరమా? మా బాయిల మూడు షిఫ్టులు నడిచినా గంత తవ్వలేం అన్నా. గాలెట్లొచ్చింది వాళ్లకు?” అన్నాడు. “అప్పటోళ్లు గట్టోళ్లే బావా, గాలి లేకున్నా ఉన్నరు,” అన్నాడు సొరంగమన్న, తొణక్కుండా. (అప్పటికే ఆయనకూ బావ అయిపోయాడు.) మేనమామ అక్కడే ఒక రాతి మీద కూలబడి, “అనగా, కోట మొత్తం చూసినా, గుమ్మం చూసినా చూసినట్టే,” అన్నాడు. ఆయన్ని ఒంటరిగా వదలడం మర్యాద కాదని బావ ఆగిపోయాడు. సంచి కూడా ఆయన దగ్గరే ఆగిపోయింది.

మిగిలిన మేము నలుగురం పైకి సాగాం. అక్క ముందు, ఆమె వెనక అమ్మాయి, తర్వాత సొరంగమన్న, అందరికంటే వెనక నేను. కొత్త బూట్లు అడుగడుక్కీ జారుతున్నాయి. తెల్ల చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఆగినప్పుడల్లా గోడ కట్టిన తీరును పరిశీలిస్తున్నట్టు నటిస్తూ ఊపిరి పీల్చుకున్నాను. “మీకు రాళ్లంటే బాగ ఇష్టమనుకుంట,” అంది ఆమె పైనుంచి.

పైకి చేరాక చల్లగాలి తగిలింది. విరిగిన బురుజు, దాని అంచున మోకాలెత్తు గోడ. ఆ గోడ అవతల ఏముందో నాకు తెలుసు కనుక, ఆమె రాకముందే పోయి అక్కడ నిలబడ్డాను. చేతులు నడుముకు పెట్టుకుని కాస్త వెడల్పుగా నిలబడ్డాను. ఆమె కుడి వైపు నుంచి చూడబోతే కుడికి జరిగాను, ఎడమకు వస్తే ఎడమకు. మా అక్క ఇక ఆగలేక, “ఎందుకురా కబడ్డీ ఆడ్తున్నవ్?” అంది.

సరిగ్గా అప్పుడు కింద సైరన్ మోగింది. ఆ తర్వాత కాసేపటికి, నేను తల తిప్పి చూస్తుండగానే, నా వీపు వెనక నేల లోంచి గోధుమ రంగు దుమ్ము పువ్వులా లేచింది. అది లేచాక ఢామ్మని చప్పుడు మా దాకా వచ్చింది. పిట్టలన్నీ ఎగిరాయి. ఆమె ఉలిక్కిపడి, “ఏమైంది?” అంది. సొరంగమన్న ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మైకు పెట్టుకుని, “ఆనాటి రాజుల ఫిరంగి మ్రోత నేటికీ...” అన్నాడు.

నా లోపల ఏదో తెగింది. “ఫిరంగి లేదు, గిరంగి లేదు! అది మా బ్లాస్టింగ్!” అని అరిచాను. అరిచి, గోడ ముందు నుంచి పక్కకు జరిగి, చెయ్యి చాపి చూపించాను. ఆ తర్వాత ఎంతసేపు మాట్లాడానో నాకు తెలియదు. గొయ్యి అంచులు మెట్లు మెట్లుగా ఎందుకు కోస్తామో చెప్పాను. చీమల్లా పాకుతున్న ఆ బండ్ల ఒక్కో చక్రం మనిషికంటే ఎత్తుంటుందని చెప్పాను. బొగ్గు పొర నేల కింద ఎట్లా వాలుగా దిగిపోతుందో చేతిని వంచి చూపించాను. సంబంధం, పరీక్ష, చొక్కా అన్నీ మరిచిపోయాను. ఆమె ప్రశ్నల మీద ప్రశ్నలు వేసింది. సొరంగమన్న కూడా మైకు దించి బుద్ధిగా విన్నాడు.

“ఆ గుట్ట పేరేంటిది?” అని ఆమె ఒక మట్టి దిబ్బ వైపు చూపించింది. దాని మీద అప్పుడే కొంచెం గడ్డి మొలుస్తోంది.

“దానికి పేరు లేదు. గొయ్యిలో నుంచి తీసిన మట్టి అంతా అక్కడ పోస్తారు,” అన్నాను. తర్వాత ఆగలేక చెప్పాను. “దాని కింద మా అమ్మమ్మ ఊరుంది. గని కోసం ఊరు ఖాళీ చేయించినప్పుడు ఆ నేల కొలిచింది మా జట్టే. ఉద్యోగంలో చేరిన కొత్త. అమ్మమ్మ వాకిట్లో హద్దు మేకు పాతింది నేనే.”

ఆమె మళ్లీ ఆ దిబ్బ వైపు చూసింది. ఆ తర్వాత మెల్లగా, “అమ్మమ్మ ఏమన్నది?” అని అడిగింది.

“‘ఎండల నిలబడ్డవ్ బిడ్డా, మజ్జిగ తాగి కొల్చుకో’ అన్నది.”

అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. గాలి వీస్తోంది. దుమ్ము మెల్లగా పలచబడి, దాని వెనక చిమ్నీలు, ఇంకా వెనక గోదావరి వైపు సన్నటి మెరుపు కనిపించాయి. అంత ఎత్తు నుంచి నా ఊరిని నేనూ అదే మొదటిసారి చూడటం. నల్లగా లేదు. పచ్చగా, బూడిదగా, ఎర్రగా, రకరకాలుగా ఉంది.

దిగేటప్పుడు సగం దారిలో నా కుడి బూటు అడుగు ఊడి నోరు తెరిచింది. అడుగు వేసినప్పుడల్లా అది ‘చప్, చప్’ మని నా పరువు గురించి అందరికీ చెబుతోంది. సొరంగమన్న నిజంగా మంచి మనిషి. మైకు వైరు ఊడదీసి బూటు చుట్టూ నాలుగు చుట్లు చుట్టి ముడి వేశాడు. మిగిలిన దారంతా ఆయన కథలు మైకు లేకుండా, మామూలు భాషలో చెప్పాడు. అవే బాగున్నాయి. నేను మటుకు నిటారు జాగాల్లో కూర్చుని జారుతూ దిగాను. ఆమె నవ్వు ఆపుకోవడం మానేసింది.

గుమ్మం దగ్గర బావ, మేనమామ ఒకే రాయికి ఆనుకుని నిద్రపోతున్నారు. మధ్యలో ఖాళీ డబ్బాలు. ఒక్క సర్వపిండి ముక్క కూడా మిగలలేదు. అలికిడికి లేచిన మేనమామ మేనకోడల్ని పక్కకు పిలిచి, నాకు వినపడేలాగే అన్నాడు: “అనగా, నాకైతే ఈ మనిషి బాగా నచ్చిండు. ఇతనికి పెళ్లయ్యిందా?” ఆయన చూపిస్తున్నది బావను. మా అక్క, “అయ్యింది సార్, నాతోనే,” అంది.

సాయంత్రం వాళ్లను క్వార్టర్‌కు తీసుకుపోయాం. అమ్మ చాయ్ ఇచ్చింది. బాపు, నాటకాల్లో రాజులాగా, రామగిరి వైపు చూస్తూ కుర్చీలో కూర్చున్నాడు. ఆ అమ్మాయి ఏ కిటికీ మీదా వేలు పెట్టి చూడలేదు. స్టేషన్లో రైలు కదలబోతుండగా నాకు ఓపిక నశించి, “మరి... ఎట్లుంది?” అని అడిగేశాను. ఆమె తలుపు దగ్గర నిలబడి, “ఊరు నాకు నచ్చింది,” అంది. రైలు కదిలింది. నేను ఇంటి దగ్గర మార్చుకోవడం మరిచిన ఆ వైరు చుట్టిన బూటుతో ‘చప్, చప్’ మని పక్కన పరుగెత్తుతూ, “మరి అబ్బాయి?” అన్నాను. “అబ్బాయి సంగతి ఆలోచించాలె,” అని చెయ్యి ఊపింది.

ఆ ఆలోచన సాగుతూ పోయింది. కొన్నాళ్లకు ఫోన్ చేసి, ఎల్గందుల కూడా చూడాలని ఉందంది. పోయాం. (జోడు మీనార్లను మేము ఊపలేదు, బావ నాటుకోడి మాత్రం తిన్నాడు.) ఆ తర్వాత జగిత్యాల అంది. అదీ పోయాం, అమ్మ కూడా వచ్చింది, ధర్మపురిలో నర్సింహస్వామికి నా గురించి చాలాసేపు చెప్పుకుంది. సొరంగమన్న దగ్గర కోటలు అయిపోయాయి. కొత్త కోట ఎక్కడి నుంచి తేవాలని ఆయన కంగారు పడుతుండగా ఆమె ఇంట్లో వాళ్లు ముహూర్తం పెట్టించారు.

ఇప్పుడు ఆమె పెద్దపల్లిలో బ్యాంకు ఉద్యోగం చేస్తూ, మా ఊరి గురించి నాకే చెబుతుంటుంది. హైదరాబాద్ నుంచి ఎవరైనా చుట్టాలు వస్తే ముందు రామగిరి ఎక్కిస్తుంది. నేను ఇప్పుడు మేనమామ కూర్చున్న రాయి దగ్గర ఆగిపోయే వయసుకు వస్తున్నాను. అక్కడ ఒంటరిగా కూర్చుని పైకి చూస్తుంటే, చేతులు నడుముకు పెట్టుకుని ఊరంతటికీ అడ్డంగా నిలబడ్డ ఆ బక్క కుర్రవాడు జ్ఞాపకం వస్తాడు. వాడి మీద నవ్వూ వస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది. అంత సన్నటి వీపు వెనక అంత పెద్ద గొయ్యిని దాచగలనని ఎట్లా అనుకున్నాడో.

మొన్నొకరోజు ఆమె దిగి వస్తుంటే అడిగాను, ఇంతకూ అబ్బాయి సంగతి ఎప్పుడు తేల్చుకున్నావని. ఆమె నీళ్ల సీసా నా చేతికిచ్చి, చెప్పులో పడ్డ రాయి దులుపుకుంటూ, “తేల్చుకున్ననని నీకెవ్వలు చెప్పిన్రు?” అంది.